మణికట్టు తిమ్మిరికి సూదిమందుల తారతమ్యము

సూదిమందు అనుమాట చెవిని పడగానే సగము నొప్పి తీరినదని తలచు రోగులు మన యూళ్లలో కోకొల్లలు. మాత్ర వ్రాసి పంపిన వైద్యునికంటె సూది పొడిచి పంపిన వైద్యుడే గట్టివాడని తీర్పు చెప్పు ఈ జనాభిప్రాయమున కొంత అమాయకత్వమును, కొంత అనుభవమును కలిసియున్నవి. కాని మణికట్టు లోపల మీడియన్ నరము నలిగి వ్రేళ్లు తిమ్మిరెక్కు వ్యాధి విషయమున, అనగా వైద్యులు కార్పల్ టనెల్ సిండ్రోమ్ అని వ్యవహరించు రుగ్మత విషయమున, ఆ నమ్మకమును ఒక్క మాటతో త్రోసిపుచ్చుటకు వీలులేదు. ఏలయన ఇచ్చట సూదిమందు నిజముగనే పనిచేయును. ఎంతకాలము పనిచేయును, ఏ చేతికి పనిచేయును, ఒక మందు వేరొక మందుకంటె ఎందులకు మేలు అనునవియే విచారణీయములు. ఈ మూటిలో మూడవ ప్రశ్ననే జనులు మొదట అడుగుదురు. నా తలంపున మొదట అడుగవలసినది రెండవది.

కాజీపేట వంటి జంక్షనులో ఈ విచారణకు ప్రత్యేకావసరము గలదు. 1929లో బల్హార్షా మార్గము పూర్తియై ఢిల్లీని మద్రాసుతో నేరుగా కలిపిన నాటినుండి ఈ యూరు రైలును నమ్ముకొని, అనగా చేతిపనిని నమ్ముకొని, బ్రతుకుచున్నది. డీజిల్ లోకో షెడ్డులోను ఎలక్ట్రిక్ లోకో షెడ్డులోను స్పానరు పట్టి బోల్టులు బిగించు ఫిట్టర్లు, పట్టాల వెంట సమ్మెట వేయు గ్యాంగుమన్లు, ప్రక్కనున్న వరంగల్లు కొత్తవాడలో మగ్గము మీద జంపఖానాలు నేయువారు, ఆ పైన ఇంటింటి అరుగు మీద చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టు స్త్రీలు, వీరందఱి జీవనము మణికట్టు మీదనే ఆధారపడియున్నది. బలముగా పట్టి త్రిప్పు పనియు, అదురు పనిముట్లతో చేయు పనియు ఈ వ్యాధికి దారితీయునని పరిశోధనలు గట్టిగా చెప్పుచున్నవి. కంప్యూటరు మీటలు నొక్కుటవలననే ఇది వచ్చునను లోకప్రసిద్ధమైన మాటకు మాత్రము అంతటి బలమైన ఆధారము కనబడదు. పనితో సంబంధము లేకయే మధుమేహము, థైరాయిడు మాంద్యము, కీళ్లవాతము, గర్భధారణము అను నాలుగు స్థితులు ఇదే ఇరుకును కల్పింపగలవు. పురుషులకంటె స్త్రీలకే ఇది ఎక్కువ.

బీడీ చుట్టు చేతిని దగ్గరనుండి చూచినవారికి ఈ వ్యాధి పుట్టుకను గూర్చి పాఠము చెప్పనక్కరలేదు. తడిపిన తునికాకును కత్తెరతో రేకుగా కోసి, చిటికెడు తంబాకు పరచి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ దొర్లించి, కొన మడిచి, దారము చుట్టు ఆ పని, వేయింటికి ఇంత అను కూలిలెక్కకు లోబడి, ప్రొద్దు గ్రుంకువఱకు మణికట్టు వంచియే సాగును. అట్టి తల్లి అర్ధరాత్రము మేల్కొని చేతిని మంచము అంచున వ్రేలాడవేసి విదిలించుకొనును. తెల్లవారి పొరుగామెతో “చెయ్యంత తిమ్మిర్లెక్కుతున్నదక్కా, సూదులతోని గుచ్చినట్టున్నది” అనును. ఆ విదిలింపు వ్యాధినిర్ణయమునకు మిక్కిలి ఉపకరించు గుర్తు. తిమ్మిరి బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలిలో సగము వఱకు వచ్చి చిటికెనవ్రేలిని విడిచిపెట్టినచో అనుమానము బలపడును. అరచేతి నడుమ స్పర్శ చెడకుండుటయు ఇందులో విశేషమే, ఏలయన ఆ చోటికి పోవు శాఖ ఇరుకు మొదలుకాకమునుపే వేఱుపడి పైనుండి సాగును.

ఆ ఇరుకు ఎట్టిదనగా, అడుగున చిన్న యెముకల తొట్టి, పైన గట్టి అడ్డపట్టె, ఆ నడుమ వ్రేళ్లను ముడుచు తొమ్మిది స్నాయువులు, వానితో పాటు ఒక్క నరము. పండుగనాటి జనరల్ బోగీలో తొమ్మండుగురు బరువైనవారి నడుమ చిక్కిన బక్కవాని స్థితియే ఆ నరముది. 1981లో అమెరికా వైద్యుడు గెల్బర్‌మన్ తన సహచరులతో కూడి మణికట్టులోనికి సన్నని గొట్టము పంపి ఒత్తిడిని కొలిచెను: ఆరోగ్యవంతులలో అది 2.5 మిల్లీమీటర్ల పాదరసము, రోగులలో 32, రోగి మణికట్టును వంచగానే 94కు ఎగబ్రాకెను. నిద్రలో మనము మణికట్టు ముడుచుకొని పరుండుదుము గనుక రాత్రియే బాధ ఏల పెరుగునో, మణికట్టును నిటారుగా నిలుపు పట్టీ ఏల ఉపశమనమిచ్చునో ఈ మూడు అంకెలే చెప్పుచున్నవి.

ఈ నరము నలుగుటను 1854లో ఆంగ్లేయ శస్త్రవైద్యుడు జేమ్స్ పాజెట్టు విరిగి అతుకుకొన్న ముంజేయి గల రోగిలో వర్ణించెను. 1913లో పారిసు నగరమున మారీ, ఫోయి అను వైద్యులు శవపరీక్షలో నరము నొక్కుకొనిపోయిన స్థలమును కన్నులార చూచి, అడ్డపట్టెను కోసినచో మేలు కలుగునేమో అని సూచించిరి. ఐనను అమెరికాలో జార్జి ఫేలెన్ 1950 ప్రాంతమున పట్టుపట్టి బోధించువఱకు ఈ వ్యాధి లోకమున ప్రచారము కాలేదు. సరిగా ఆ కాలమందే, 1949లో, కార్టిసోను కీళ్లవాతపు రోగులను మంచము మీదనుండి లేపి నడిపించినదన్న వార్త వైద్యలోకమును ఉఱ్ఱూతలూగించెను. మరుసటి యేడే దానికి నోబెలు బహుమానము లభించెను. ఆ వెల్లువలోనే హైడ్రోకార్టిసోను కీళ్లలోనికిని, పిదప మణికట్టులోనికిని ప్రవేశించెను. నేడు మన వైద్యశాలలలో వాడు ట్రయామ్సినొలోను 1950ల దశకమున లెడర్లె ప్రయోగశాలనుండి వెలువడిన ఔషధములలో నొకటి. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1948లో కన్నుమూయువఱకు పరిశోధనలకు నాయకత్వము వహించిన సంస్థయే అది. ఆ మందు ఆయన కనుగొన్నది కాదు. కాని తెలుగువాడు తీర్చిదిద్దిన పరిశోధనాగారమునుండి వచ్చిన వస్తువన్న సంతోషమును పాఠకుడు అనుభవించుటలో తప్పులేదు.

స్టెరాయిడు చేయు పని ఏమి? అది వాపును శమింపజేయునని పుస్తకములు చెప్పును. అయితే శస్త్రచికిత్సలో తీసిన పొరలను సూక్ష్మదర్శిని క్రింద చూచినవారికి శోథకణములు అంతగా కనబడలేదు. కనబడినది నీరు పట్టుట, పొరలు గట్టిపడుట. కాబట్టి ఆ మందు స్నాయువుల పొరలలోని నీటిని తగ్గించి నరమునకు చోటు కల్పించుచున్నదనియే ప్రస్తుతమునకు తలపవలసియున్నది. కారణము సంపూర్ణముగా తెలియకున్నను ఫలము తెలియుచున్నది. 1999లో నెదర్లాండ్సు వైద్యులు డామర్సు ప్రభృతులు అఱువదిమంది రోగులను రెండు పాళ్లు చేసి, ఒక పాలికి 40 మిల్లీగ్రాముల మిథైల్‌ప్రెడ్నిసొలోను మొద్దుబార్చు మందుతో కలిపి, ఇంకొక పాలికి మొద్దుబార్చు మందు మాత్రమే ఇచ్చిరి. నెల తిరుగునప్పటికి మొదటివారిలో నూటికి 77 మందికి, రెండవవారిలో 20 మందికి నెమ్మది కలిగెను. ఏడాది గడచునప్పటికి స్టెరాయిడు పొందినవారిలో సరిగా సగముమంది మాత్రమే మఱియొక చికిత్స లేకుండ నిలిచిరి. మేలు నిశ్చయము, నిలకడ సంశయము అను స్టెరాయిడు చరిత్ర యంతయు ఈ రెండు అంకెలలో ఇమిడియున్నది.

మోతాదు పెంచినచో నిలకడ పెరుగునా అనునది సహజమైన ప్రశ్న. స్వీడను దేశపు వైద్యుడు అట్రోషి 2013లో ప్రకటించిన పరీక్ష దీనికి బదులు చెప్పుచున్నది. నూటపదునొకండుగురు రోగులు, ఒక పాలికి 80 మిల్లీగ్రాములు, ఒక పాలికి 40, ఒక పాలికి ఉప్పునీరు. పదివారములకు రెండు మోతాదులును ఉప్పునీటికంటె మేలనిపించెను. కాని ఏడాదిలోపల ఆపరేషను బల్ల యెక్కినవారు వరుసగా నూటికి 73, 81, 92. పెద్ద మోతాదు శస్త్రచికిత్సను కొందఱికి తప్పించెను, పెక్కుమందికి వాయిదా మాత్రమే వేసెను. వీరు అంతకుమునుపే పట్టీ కట్టి ఫలితము గానక ఆసుపత్రికి పంపబడినవారు అనుటను మఱువరాదు. వ్యాధి ముదరనివారిలో లెక్క ఇంతకంటె సుముఖముగా ఉండును. 2023లో కొక్రేను సంస్థవారు అన్ని పరీక్షలను కలిపి తూచి, తేలికైన, మధ్యమమైన వ్యాధిలో స్టెరాయిడు మేలు ఆరు నెలల వఱకు ఉండుననియు, ఏడాదివఱకు శస్త్రచికిత్స అవసరమును తగ్గించుననియు తేల్చిరి. అమెరికా ఎముకల వైద్యుల సంఘము 2024 నాటి మార్గదర్శకములలో దీర్ఘకాలపు మేలు లేదని కచ్చితముగా వ్రాసెను. ఈ రెండును పరస్పర విరుద్ధములని కొందఱు వాదింతురు, నాకట్లు తోపదు. ఒకరు ఆరు నెలలను చూచిరి, ఇంకొకరు ఆ తరువాతి కాలమును చూచిరి.

ఇక సూది దిగు విధానమును చూతము. రోగి అరచేయి వెల్లకిల వేసి, మణికట్టు క్రింద మడిచిన తువ్వాలు పెట్టి, బొటనవ్రేలిని చిటికెనవ్రేలితో కలిపి మణికట్టు కొంచెము వంచుమందురు. అప్పుడు నడుమ త్రాడువలె లేచు స్నాయువును గుర్తించి, దాని చిటికెనవ్రేలి వైపున, మణికట్టు ముడుతకు కొంచెము పైన, సన్నని సూదిని ఏటవాలుగా దింపుదురు. ఆ స్నాయువు కొందఱికి పుట్టుకతోనే లేదు. అట్టివారి విషయమున వైద్యుడు గుర్తులు వేఱుగా చూచుకొనవలెను. సూది దిగునపుడు వ్రేళ్లలోనికి కరెంటు పాకినట్లయినచో రోగి బింకముతో ఊరకుండరాదు, వెంటనే చెప్పవలెను. అది నరమును సూది తాకిన సూచన, వైద్యుడు సూదిని వెనుకకు తీసి దిశ మార్చవలెను. నరములోనికే మందు పోయినచో కలుగు హాని ఈ చికిత్సలో అరుదైనను అన్నిటికంటె భయంకరమైనది. అల్ట్రాసౌండు తెరమీద నరమును చూచుచు సూది దింపు పద్ధతి ఈ భయమును చాల తగ్గించును. అది లేనిచోట గుర్తుల ఆధారమున ఇచ్చునది తప్పని చెప్పజాలము. పైన చెప్పిన 1999 నాటి నెదర్లాండ్సు పరీక్ష అట్లు చేసినదే, అదియును ఆ ఇరుకునకు నాలుగు సెంటీమీటర్లు పైననే సూది గ్రుచ్చి, మందు క్రిందికి జాఱుటకు విడిచినది.

స్టెరాయిడునకు సరసన నిలుచు పోటీదారు మఱియొక సూది కాదు, రాత్రి కట్టుకొను పట్టీ. 2018లో బ్రిటనులో 234 మందిని తీసికొని ఒక పాలికి 20 మిల్లీగ్రాముల సూదిమందు, ఒక పాలికి ఆరువారముల రాత్రిపట్టీ ఇచ్చిరి. ఆరువారములకు సూదిదే పైచేయి, ఆరు నెలలకు రెండును సమానము. కూలి పోకుండ ఈ నెల గడుపవలసిన మనిషికి ఆ ఆరువారముల తేడా అల్పమైనది కాదు. ఆ సంగతి పట్టణపు వైద్యుడు తరచు మఱచును. ఐనను గర్భిణికి మాత్రము తొందరపడి సూది పొడువక పట్టీతో ప్రసవము వఱకు గడపుటయే వివేకము. పెక్కుమందికి బిడ్డ పుట్టిన పిదప అది తనంతతానే సడలును.

శస్త్రచికిత్సతో పోల్చినపుడు తీర్పులు కొంతకాలము అటునిటు ఊగినవి. 2005లో మాడ్రిడులో, అవసరమైనచోట రెండవ సూదిని కూడ అనుమతించి చేసిన పరీక్షలో, మూడు నెలలకు సూదియే గెలిచి ఏడాదికి రెండును సరితూగెను. అదే యేట హాంకాంగులో ఒక్క సూదిని ఒక్క ఆపరేషనుతో పోల్చిన యేబదిమంది పరీక్షలో ఇరువది వారములకే ఆపరేషను గెలిచెను. ఈ వివాదమునకు నెదర్లాండ్సు వైద్యులు 2025లో లాన్సెటు పత్రికలో ప్రకటించిన పెద్ద పరీక్ష చాలవఱకు ముగింపు పలికినదని నా అభిప్రాయము. అందులో 934 మంది. కొందఱికి ఆపరేషనుతో మొదలు, కొందఱికి సూదితో మొదలు. అటుపిమ్మట ఎవరికేది అవసరమో అది. పదునెనిమిది నెలలకు కోలుకొన్నవారు మొదటి పాలిలో నూటికి 61, రెండవ పాలిలో 45. ఆపరేషనుతో మొదలిడుట మేలని ఇది చెప్పుచున్నది. కాని సూదితో మొదలిడినవారిలో నూటికి నలువదియైదుగురు కోలుకొనుటయు చిన్న సంగతి కాదు. ఆపరేషను పిమ్మట కొన్ని వారములు బరువు ఎత్తరాదు, అరచేతి మొదట నొప్పి కొంతకాలము మిగులును. సమ్మెట పట్టువానికి ఆ వారములు ఎవరు భరింతురు అనునది వైద్యపుస్తకమునకు బయట నున్న ప్రశ్న. కాని తీర్మానము తరచు దానినిబట్టియే జరుగును. రైల్వే ఉద్యోగికి సెలవు కలదు, రైల్వే ఆసుపత్రి కలదు. బీడీ స్త్రీకి రెండును లేవు.

స్టెరాయిడును కాదని క్రొత్తగా తలయెత్తినది గ్లూకోజు నీరు. వినగానే నవ్వు వచ్చును. సెలైను సీసాలో ఎక్కించు అయిదు శాతపు గ్లూకోజే అది. తైవాను వైద్యులు అల్ట్రాసౌండు చూచుచు అయిదు మిల్లీలీటర్ల గ్లూకోజు నీటిని నరము చుట్టును నింపి, అంటుకొనిపోయిన పొరలనుండి దానిని విడదీసిరి. 2017లో 49 మందిపై ఉప్పునీటితో పోల్చి చూడగా ఆరు నెలల వఱకు గ్లూకోజు మేలనిపించెను. 2018లో 54 మందిపై ట్రయామ్సినొలోనుతో పోల్చగా మొదట రెండును సమానముగనే ఉండి, నాలుగవ నెలనుండి ఆరవ నెలవఱకు గ్లూకోజు ముందంజ వేసెను. ఇందు ఆకర్షణ స్పష్టము: చవుకైన ద్రవము, చర్మమును పాడుచేయదు, చక్కెర రోగిలో స్టెరాయిడు చేయు ఉపద్రవమును చేయదు. అడ్డంకియు అంతే స్పష్టము: ఈ పరీక్షలు చిన్నవి, ఒకే వైద్యబృందమునుండి వచ్చినవి, ఆపైన చేయి తిరిగిన అల్ట్రాసౌండు నిపుణుడు లేనిదే ఈ పద్ధతి జరుగదు. గ్లూకోజు చేసినదెంత, నీటి యొత్తిడి చేసినదెంత అను సందేహమును మొదటి పరీక్ష కొంత తీర్చినను పూర్తిగా తీర్పలేదు. మధుమేహము గల, తేలికపాటి వ్యాధి గల రోగికి నిపుణుడు దొరికినచో దీనిని కోరదగినదే అని నేనందును. అందఱికిని స్టెరాయిడును త్రోసి దీనిని పెట్టవలెనను ఉత్సాహము మాత్రము తొందరపాటు.

రోగి రక్తమునే తీసి, యంత్రములో గిరగిర త్రిప్పి, ప్లేట్‌లెట్లు దట్టముగా నున్న భాగమును మణికట్టులోనికి పంపు పీ.ఆర్.పీ. పద్ధతి నేడు పట్టణములలో ఫ్యాషను. తైవానులో 2017లో అఱువదిమందిపై జరిగిన పరీక్షలో రాత్రిపట్టీకంటె ఇది మేలనిపించినది. కాని తయారుచేయు తీరు ఒక్కొక్కచోట ఒక్కొక్కటి. అమెరికా సంఘము 2024లో దీనికిని దీర్ఘకాలపు మేలు లేదని తీర్మానించెను. ఇంత వెల పెట్టి కొనదగిన ఆధారము దీనికి నేటికి లేదు. ఓజోను, హయాలురోనిడేసు, ఇన్సులిను, ప్రొజెస్టిరోను, బొట్యులినము మున్నగునవి అచ్చటచ్చట ప్రయత్నింపబడినవి. వానిని గూర్చి ఒక్క వాక్యము చాలును.

మన పల్లెలలో ఈ తిమ్మిరికి ఎక్కువగా పడు సూది పైవానిలో ఏదియు కాదు. అది జబ్బకో తుంటికో పడు బి-కాంప్లెక్సు. దానిని నరాల బలానికి వేసిన సూది అందురు. నరము నలిగినది మణికట్టున, మందు పడినది తుంటిని. నలుగుటను ఆ విటమిను తీర్పజాలదు. ఐనను దానిని పూర్తిగా అపహాస్యము చేయరాదు. మెట్‌ఫార్మిను మాత్రలు ఏండ్ల తరబడి మ్రింగు మధుమేహులలో బి12 కొఱవడుట నిజము, ఆ కొఱత పాదములలోను చేతులలోను తిమ్మిరి పుట్టించుటయు నిజము. పరీక్షించి, తక్కువయినచో ఇచ్చుట చికిత్స. పరీక్షింపక వారమునకొకటి పొడుచుట వ్యాపారము.

స్టెరాయిడు దోషములలో మన రోగులు గమనింపవలసినవి రెండు. మధుమేహికి సూది పడిన పిమ్మట కొన్ని దినములు చక్కెర పెరుగును; అది ముందుగా తెలిసినచో కొలుచుకొనుచు జాగ్రత్తపడవచ్చును. చామనచాయ చర్మముపై సూది దిగిన చోట తెల్లని మచ్చ ఏర్పడి నెలల తరబడి నిలువవచ్చును, అడుగున క్రొవ్వు కరిగి గుంట పడవచ్చును. పాశ్చాత్య గ్రంథములలో ఒక పంక్తితో సరిపెట్టిన ఈ మచ్చ, బొల్లి యని ఇరుగుపొరుగు శంకించు మన సమాజమున, పెండ్లికాని యాడపిల్లకు తిమ్మిరికంటె పెద్ద బాధయై కూర్చుండును.

ఇక ఏ చేతికి ఏది? తిమ్మిరి వచ్చి పోవుచు, బొటనవ్రేలి బలము తగ్గకయున్న చేతికి మొదట రాత్రిపట్టీ. అది చాలకున్నను, లేక కూలి ఆగరాదన్నను, ఒక స్టెరాయిడు సూది. అది నెలల తరబడి మేలుచేసి మరల తిరుగబెట్టినచో మఱియొకటి వేయించుకొనవచ్చును. కాని రెండవది మొదటిదానికంటె తక్కువకాలము నిలిచినచో మూడవదానిని వెదకుట కాలక్షేపమే. తిమ్మిరి రాత్రింబవళ్లు విడువక, చొక్కా గుండీ పెట్టుకొనుట కష్టమై, బొటనవ్రేలి మొదట నున్న కండ పల్లమైపోయిన చేతికి ఏ సూదియు తగదు. ఆ నరమునకు పగ్గము విప్పుటయే చికిత్స; ఆలస్యమైనకొలది విప్పినను కండ తిరిగిరాదు. నరము ఎంత వేగముగా వార్త మోయుచున్నదో కొలుచు పరీక్ష ఇట్టిచోట తీర్మానమునకు తోడ్పడును. ఈ విభజన చేయకుండ స్టెరాయిడు గొప్పదా, గ్లూకోజు గొప్పదా అని చర్చించువారు రోగి చేతిని చూడనివారు.

కడపట పాఠకునకు ఒక విన్నపము. కాజీపేటలో ఒక సూది, హనుమకొండలో ఒక సూది, వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రికి చేరునాటికి ఏ మందు ఎన్నిమార్లు పడినదో రోగికే తెలియని స్థితి సర్వసామాన్యము. మూడవ వైద్యుడు తనది మొదటిదనుకొని మరల స్టెరాయిడే పొడుచును. కాబట్టి సూది ఎవరు వేసినను, మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ మణికట్టుకు, ఏ తేదీన అను నాలుగు సంగతులను చీటీ మీద వ్రాసియిమ్మని అడుగుడు. ఆ చీటీని రేషను కార్డుతో పాటు దాచుడు.